మూడో గేరు మహాభాగ్యం

మా పక్కింటి సుబ్బలక్ష్మిగారు మేడమీది కుసుమతో అన్నారట. కుసుమ ఆ మాటను మూట కట్టుకొచ్చి మా ఆవిడ నళిని ముందు విప్పింది. "నళిని వాళ్లాయన బండి కొన్నాడా, బండి దగ్గర పనికి కుదిరాడా? ఎప్పుడు చూసినా తోసుకుంటూనే కనిపిస్తాడేంటి?"

నిజమే. తోస్తున్నాను. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద, నారాయణగూడ చౌరస్తాలో, అశోక్ నగర్ సందుల్లో, ఎరిగినవాళ్లంతా చూస్తుండగానే తోస్తున్నాను. అయితే ఏమిటి? నడిచే బండి ఎవరి దగ్గరైనా ఉంటుంది! తనంతట తాను ఆలోచించుకుని ఆగిపోయే బండి ఎంతమందికి ఉంది?

అయ్యలారా, అమ్మలారా! మోటారు సైకిలు నడిరోడ్డు మీద ఆగిపోవడం ఈ శతాబ్దం చివర్లో మనిషికి దక్కిన గొప్ప వరమని నేను ఘంటాపథంగా చెబుతున్నాను.

నమ్మరా? కంపెనీవాళ్లే ఇంగ్లీషులో ఉత్తరం రాశారు. మా పెళ్లి శుభలేఖ కూడా అంత నున్నటి కాగితం మీద వేయించలేదు. "మీ ఆనందాన్ని మరింత పెంచే ఉద్దేశంతో మీ వాహనాన్ని మా షోరూముకు సాదరంగా ఆహ్వానిస్తున్నాం" అని మొదలు. గమనించారా? ఆహ్వానించింది నన్ను కాదు, బండిని! ఇక రెండో పేజీ అడుగున, చీమలు బారు తీరినట్టున్న అక్షరాల్లో మిగతా సంగతి ఉంది. ఇంజన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్ డబ్బా ఒకటి ఉంటుందట. అందులో సాఫ్ట్‌వేర్ కాస్త తప్పు పడిందట. ఇంజన్ వేడెక్కి, మూడో గేరులో, ఇద్దరు మనుషుల బరువుతో పోతున్నప్పుడు డబ్బా లెక్క తప్పి ఇంజన్‌ను ఆపేసే 'అవకాశం' ఉందట.

ప్రమాదం అన్న మాట భూతద్దం పెట్టి వెతికినా లేదు. అవకాశం! ఉద్యోగాల పరీక్షలు రాసే పిల్లలకు లేని అవకాశం నా బండికి ఉంది! అప్పటినుంచి ఆ ఉత్తరాన్ని చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.

సాఫ్ట్‌వేర్ అన్న మాట బయటికి పొక్కాక వీధిలో నా హోదా చూడాలి మీరు! ఊళ్లో ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల పోస్టర్లే కదా. ఎదురింటి జగన్నాథరావుగారు రిటైరైన హెడ్ క్లర్కు. అంతవరకూ నన్ను "ఏమోయ్" అనే మనిషి, గేటు దాకా వచ్చి, "ఏమండీ, మీ బండికి సాఫ్ట్‌వేర్ వచ్చిందటగా! మా మేనల్లుడు ఆరు నెలలు కోర్సు చేశాడు, వాడికి రాలేదండీ" అన్నారు.

చిన్నప్పుడు ఊళ్లో మా నాయనకు ఒక ఎద్దు ఉండేది. సగం చాలు దున్నగానే కూలబడేది. తోక మెలేసినా, గడ్డి చూపినా, బతిమాలినా లేచేది కాదు. దాని బుద్ధి పుట్టినప్పుడు లేచి, ఏమీ ఎరగనట్టు నడిచేది. నా బండిదీ అదే స్వభావం. తేడా ఏమిటంటే, సంతలో ఆ ఎద్దును అంటగట్టినవాడు దాని గుణం గురించి ఒక్క ముక్క చెప్పలేదు. మా నాయన బతికినన్నాళ్లూ వాణ్ని తలుచుకుని మరీ తిట్టాడు. కంపెనీవాళ్లు ఎంతటి మర్యాదస్థులో చూడండి, రెండో పేజీలో చెప్పనే చెప్పారు!

ఈ బండివల్ల లోకానికి ఎంత మేలో! మొన్న వెనక బియ్యం బస్తా కట్టుకుని వస్తుంటే అశోక్ నగర్‌లో టీ బండి ముందు ఆగింది. గ్రూప్స్‌కు చదివే కుర్రాళ్లు ముగ్గురు గ్లాసులు పక్కన పెట్టి తోయడానికి వచ్చారు. తోస్తూ తోస్తూ ఒకడు రాజ్యాంగం అప్పజెప్పడం మొదలుపెట్టాడు. లైబ్రరీ మలుపు దగ్గరికి వచ్చేసరికి ప్రాథమిక హక్కులు పూర్తయ్యాయి. ఆదేశిక సూత్రాల దగ్గర ఇంజన్ స్టార్టయింది. పాపం, వాళ్ల చదువు అక్కడే ఆగిపోయింది.

షోరూముకు వెళ్లలేదా అంటారా? ఆహ్వానం వచ్చాక వెళ్లకపోతే మర్యాదేనా? వెళ్లాను. కౌంటర్ దగ్గరున్నాయన ఉత్తరాన్ని చూసి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"కొత్త డబ్బాలు ఇంక రాలే సార్. వచ్చినంక మేమే ఫోన్ చేస్తం. అప్పటిదాంక మూడో గేర్ వెయ్యకుండ్రి."

"రెండులోంచి నాలుగుకు పోవాలంటే మధ్యలో మూడు తగుల్తది కదా?"

"జర జల్దీ దాటేయుండ్రి సార్!"

నడిమి గదికి తాళం వేసి వంటింట్లోకి పొమ్మన్నట్టు! నాకు ఫోన్ లేదు కాబట్టి జగన్నాథరావుగారి నంబరిచ్చి వచ్చాను. రెండు నెలలుగా ఆయన నన్ను చూడగానే, అడక్కముందే తల అడ్డంగా ఊపుతున్నారు.

మా మిత్రుడు ఉమాకాంత్‌దీ ఇదే బండి. ఆయనకూ ఇదే ఉత్తరం వచ్చింది. దాన్ని బీరువాలో చీరల కింద పరిచిన పేపరు కింద దాచాడు. షోరూము గడప తొక్కనంటాడు.

"వాళ్ల చేతికిస్తే మంచి సామానంత గుంజుకొని డూప్లికేట్ ఏస్తరన్నా! ఆగితే ఆగనీ, మనది కంపెనీ సామాన్."

అలా అని చేతులు ముడుచుకుని కూర్చోలేదు. హ్యాండిల్‌కు కట్టే నిమ్మకాయను వారానికోసారి మార్చేది ఇప్పుడు రెండుసార్లు మారుస్తున్నాడు. నాకూ ఒక సలహా ఇచ్చాడు.

"గా ఉత్తరం జేబుల పెట్టుకొని ఊరంత సూపియ్యకు. రేపు అమ్మాల్నంటె ఎవడు కొంటడే?"

ఇక సంసారపక్షంగా ఈ బండి చేసిన మేలు చెబుతాను. నళిని ఉద్యోగం కోఠిలో. రోజూ పొద్దున్నే నేనే దింపేవాణ్ని. నెల కిందట నారాయణగూడ చౌరస్తా నడిమధ్యకు రాగానే మూడో గేరు పడింది. ఇంజన్ వేడి మీద ఉంది. బరువు ఇద్దరిదీ ఉంది. డబ్బా తన అవకాశాన్ని వినియోగించుకుంది.

వెనక బ్రేకులు కీచుమన్నాయి. తిరిగి చూస్తే, నళిని భుజానికి జానెడు దూరంలో సిటీ బస్సు ముఖం! ఆమె టిఫిన్ డబ్బా దొర్లుకుంటూ బస్సు కిందికి పోయింది. కండక్టర్ తల బయట పెట్టి, "ఏందన్నా, నడిరోడ్డు మీద సంసారం పెట్టినవా?" అన్నాడు. అంతా నవ్వారు. నేనూ నవ్వాను.

నళిని నవ్వలేదు. దిగింది. వంగి డబ్బా తీసుకుంది. మూత మూడుసార్లు పెట్టబోయినా పట్టలేదు. నా వంక చూడకుండా పోయి ఆ బస్సే ఎక్కింది. మర్నాడు పాస్ తీసుకుంది.

చూశారా! ఆమెకు బస్సులో కూర్చునే సుఖం, నాకు పెరిగిన మైలేజీ! ఏ కంపెనీ ఇస్తుంది ఇంతటి ఆనందం?

అయితే ఇంత భాగ్యాన్ని నేనొక్కణ్నే అనుభవించడం స్వార్థం కాదా? అందుకే బండిని అమ్మేద్దామనుకున్నాను. కొనేవాడు కూడా దగ్గర్లోనే దొరికాడు. మా సందు మొగలో ఇస్త్రీ చేసే పీరయ్య. అతని కూతురు పద్మకు ఈ ఏడే కోఠిలో ఆడపిల్లల కాలేజీలో సీటొచ్చింది. "పిల్ల బస్సుల నిలవడి పోతున్నది సార్, నేనే దింపి వస్త" అంటూ వారం రోజులుగా బండి చుట్టూ తిరుగుతున్నాడు.

నిన్న పొద్దున బండి తుడిచి అతని ఇస్త్రీ బల్ల ముందు నిలబెట్టాను. సాక్ష్యానికి ఉమాకాంత్ తన బండి మీద వచ్చాడు. నా బండి పోతే రేపు తన బండీ పోతుందని ఆయన ఆశ. ఎందుకైనా మంచిదని జేబు తడుముకున్నాను. ఉత్తరం లేదు. ఎక్కడ పడిపోయిందో! పోతే పోనీ, ఇవాళ లేకపోవడమే మేలు.

"కంప్యూటర్ బండి పీరయ్యా! మొత్తం సాఫ్ట్‌వేరే!" అన్నాడు ఉమాకాంత్.

"తోలేటోనికంటే దానికే తెలివెక్కువ" అన్నాను నేను. అందులో అబద్ధమేమీ లేదు. "నమ్మి తీస్కో అన్నా. పద్మను ఎక్కించుకొని పువ్వు లెక్క పోయి రావచ్చు."

పీరయ్య ఇస్త్రీపెట్టెను నిలబెట్టాడు. నా చేతిలోంచి తాళంచెవి తీసుకుని, తిప్పి తిప్పి చూశాడు. అప్పుడే నళిని హ్యాండ్‌బ్యాగ్ తగిలించుకుని ఇంట్లోంచి వచ్చింది. బండిని చూసింది, పీరయ్యను చూసింది, నన్ను చూసింది. బస్టాపు వైపు అడుగులేసింది.

పీరయ్య ఆమె పోయేదాకా చూశాడు. తర్వాత మడత పెట్టిన బట్టల దొంతర కిందికి చెయ్యి పోనిచ్చి ఒక కాగితం బయటికి తీశాడు. నున్నటి కాగితం. ఒక్క ముడత లేదు.

"మొన్న ఇస్త్రీకి ఇచ్చిన అంగి జేబుల మర్చినవ్ సార్. మడతలు వొయ్యేటట్టు గిది గూడ ఇస్త్రీ చేసిన. నాకు ఇంగ్లీష్ రాదు. మా పద్మ రెండో పేజీ దాంక సదివి చెప్పింది."

కాగితాన్ని సీటు మీద పెట్టి, తాళంచెవి నా ముందుకు చాచాడు.

"జల్దీ పోతే అక్క దొరుకుతది. ముందుగాల అక్కను ఎనక కూసోపెట్టుకొని, మూడో గేరుల నారాయణగూడ దాంక పోయి రా సార్. నేను ఈడనే ఉంట."

ఉమాకాంత్ తన బండికి కట్టిన నిమ్మకాయ వైపు చూశాడు. పీరయ్య చేతిలో తాళంచెవి అలాగే ఉంది.