రెండు చందమామల ఊరి నుంచి పిలుపు

త్రినాధరావు ఆ ఉదయం వేసుకున్న లెక్క చిన్నది. ఎనిమిదికి బెల్లం కొట్టు తెరవాలి. తొమ్మిదికి, భార్య రాజశ్రీ రాసిన ఆరు నోటు పుస్తకాలూ టైపు చేసే అమ్మాయి ఇందుకి అప్పజెప్పాలి. తొమ్మిదిన్నరకల్లా కాటా దగ్గరుండాలి. పది రోజుల్లో రాజశ్రీ సంవత్సరీకం. వచ్చినవాళ్ళకి ఆమె పుస్తకం అచ్చు వేయించి ఇస్తే, ఆమె బతికుండగా చేయని పని ఒకటి తీరుతుందని ఆయన అంచనా.

రాజశ్రీ రాసింది పెద్ద కథ. రెండు చందమామలున్న గ్రహానికి కొందరు ముందుగా వెళ్ళి, నేల చదును చేసి, చెరకు నాటి, భూమి మీద మిగిలిన తమవాళ్ళని పిలుచుకుంటారు. కొట్టు వెనక గదిలో కూర్చుని ఏడేళ్ళు రాసింది. "ఒక్క పేజీ వినండి" అన్నప్పుడల్లా ఆయన "సీజను అవ్వనీ" అనేవాడు. ఆమె పోయిన రోజు కూడా కొట్టు మూసింది ఒక్క పూటే.

ఆరో పుస్తకం చివరి కాగితం లేదు.

"ఎర్రిబాబూ, ఎవరు చింపేరిది?"

కాటా చూసే ఎర్రిబాబు తల గోక్కున్నాడు. "నానే బాబూ. నిన్న సేపల చిన్నమ్మలు వచ్చింది. అమ్మగారున్నప్పుడు ఎవుల్నీ ఒట్టి సేతుల్తో పంపేవోరు కాదు కదా, ఓ బెల్లం ముక్క సుట్టిచ్చేను. ఎనక కాయితం కదా, పనుండదనుకున్నాను."

"కథ ముగిసేది ఎనక కాయితం మీదేరా!"

చిన్నమ్మలుది సముద్రం ఒడ్డున రాజయ్యపేట. ఫోను చేశాడు. కావలసిన సరుకు మీద ఆశ చూపిస్తే అవతలివాళ్ళు బిగుసుకుంటారని ముప్పయ్యేళ్ళ వ్యాపారం నేర్పింది. అందుకని గొంతు తగ్గించాడు. "పెద్ద విషయమేం కాదమ్మా. ఆ కాయితం ఉంచు. ఎవరికీ చూపించకు. నేనే వస్తన్నాను."

సాక్ష్యానికి ఎర్రిబాబుని వెనక ఎక్కించుకుని, కొట్టుకి తాళం వేసి, పుస్తకాలు స్కూటరు పెట్టెలో పడేసి బయలుదేరాడు.

ఎవరికీ చూపించవద్దన్న కాగితాన్ని చిన్నమ్మలు వెంటనే ఊళ్ళో చదువొచ్చిన ధనరాజ్ చేత చదివించింది. అందులో ఉన్నది ఇదీ: ధనరాజ్ కుటుంబానికి ఐదెకరాలు. చిన్నమ్మలు కుటుంబానికి ఐదెకరాలు. అమావాస్యలోగా బయలుదేరాలి. వెనక్కి రావడం ఉండదు. కథలో మనుషులకి రాజశ్రీ పెట్టినవన్నీ కొట్టుకి వచ్చేవాళ్ళ పేర్లే. ఎప్పటికైనా ఊరు ఖాళీ చేయమంటారన్న బెదురుతో బతికేవాళ్ళకి అది కథలా కనిపించలేదు.

త్రినాధరావు చేరేసరికి రోడ్డుకి అడ్డంగా వలలు, వలల మీద జనం.

"మా పేరు ఎందుకెట్టేరు?" అన్నాడు ధనరాజ్.

"మా పేరు ఎందుకెట్టనేదు?" అంది వెనక నుంచి నూకరత్నం. "ఐదెకరాలంటే మాకు సేదేటి?"

"ఇది కథమ్మా! వేరే గ్రహం!"

"ఊరు లెగదీయాలని వచ్చినోలందరూ ముందు కతే సెప్పేరు," అన్నాడు ధనరాజ్.

ఎర్రిబాబు అడ్డం పడ్డాడు. "నిజమేనర్రా. బాబుకి ఆ రాతలతో ఏటీ పని నేదు. ఎప్పుడూ సదవనైనా సదవనేదు."

"సదవనోడు దీని కోసం ఇంత దూరం వత్తాడేటి?" అంది చిన్నమ్మలు.

త్రినాధరావు స్కూటరు పెట్టె తెరిచాడు. మొదటి పుస్తకం తీసి, బోర్లించిన తెప్ప మీద కూర్చుని చదవడం మొదలుపెట్టాడు.

"ఉప్పు నేని సముద్రమేటి బాబూ? సేపలెలా ఎండేత్తారు?" చిన్నమ్మలు మధ్యలో ఆపింది.

ఆ సంగతీ రాజశ్రీ రాసింది. ఎండబెట్టిన చేపలన్నీ కుళ్ళిపోతాయి. ముందుగా వెళ్ళిన పైడితల్లి, భూమి నుంచి కొంగున కట్టుకెళ్ళిన గుప్పెడు ఉప్పుని చేపలకి వాడదు. రోజూ విప్పి వాసన చూసి, మళ్ళీ ముడేసుకుంటుంది.

ఆ తరవాత ఎవరూ అడ్డు రాలేదు. ఆయనే రెండుసార్లు ఆగి, చదివిన పేజీనే మళ్ళీ చదివాడు.

పొద్దు వాలుతుండగా ఐదు పుస్తకాలూ అయ్యాయి, ఆరోదీ చివరికి వచ్చింది. చిన్నమ్మలు బొడ్లోంచి కాగితం తీసిచ్చింది. "మా పేరు కొట్టెయ్యకండి బాబూ."

"నా పేరు కలపండి," అంది నూకరత్నం.

కాగితం అడుగున బెల్లం అంటుకుని ఇంకో పేరు కనపడకుండా ఉంది. త్రినాధరావు గోటితో గీకాడు.

'త్రినాధరావు, ఐదెకరాలు. రాడు. కొట్టు మూయడు. అయినా చోటు ఉంచాలి.'

అది చదివి వినిపించలేదు. "ఏటి రాసుందండీ?" అని ఎర్రిబాబు అడుగుతుంటే కాగితాన్ని ఆరో పుస్తకంలో పెట్టి మూశాడు.

జేబులో ఫోను మోగింది. మార్కెట్లో పక్క కొట్టు కన్నబాబు. "బావా, పొద్దుటి నుంచీ కొట్టుకి తాళమేటి? ఎవరైనా పోయేరా?"

"మా ఆవిడ, బావా," అన్నాడు త్రినాధరావు. "ఏడాదైంది."