మస్తానయ్య సున్తీకి ఊరంతా సాక్ష్యం

ఆ పొద్దు మస్తానయ్య పన్నిన ఉపాయం చిన్నదే. ఎరువుల కోసమని ఇంట్లో చెప్పి నెల్లూరు వెళ్లడం, సున్తీ చేయించుకోవడం, మూడో కంటికి తెలియకుండా విడవలూరు తిరిగి రావడం. షుగరు ముదిరి చర్మం బిగుసుకుపోయింది. ఒంటికి వెళ్లాలంటే ఆ యాభై ఐదేళ్ల రైతుకు కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. సున్తీ తప్ప దారి లేదన్నాడు డాక్టరు. సర్కారు ఆరోగ్య కార్డు ఉంది గనక ఖర్చు బెంగ లేదు. ఊళ్లో తెలిస్తే మాత్రం తలెత్తుకోలేడు. అందుకే కట్టుకున్న మాలకొండమ్మకు కూడా చెప్పకుండా, తోడుకు టైలరు చోటే సాహెబును ఒక్కణ్ణే తీసుకెళ్లాడు. అనుభవం ఉన్నవాడు కదా!

అదే కొంప ముంచింది. ఆసుపత్రిలో కార్డులు చూసే రేవతి ఈయన పేరు చూసింది, పక్కనున్న చోటే సాహెబు గడ్డం చూసింది, మరో మాట అడగకుండా కంప్యూటర్లో ‘ఆచారం’ అని కొట్టేసింది. పైనుంచి వెంటనే జవాబొచ్చింది.

"ఆచారం కోసం చేసే సున్తీకి కార్డు వర్తించదంట బాబాయ్."

"నాకేం ఆచారం తల్లీ! నేను హిందువుని. బిడ్డలు నిలవక మాయమ్మ దర్గాకి మొక్కుకోని ఈ పేరు పెట్టింది. నెల్లూరు జిల్లాలో రాయేస్తే ఎవరో ఒక మస్తానయ్యకి తగల్తాది!"

"అవునమ్మా, ఈయన హిందువే. నేను సాక్ష్యం," అన్నాడు చోటే సాహెబు. దాంతో రేవతి అనుమానం ఇంకా గట్టిపడింది.

"మీ ఊరివాళ్లు ఎవరైనా వచ్చి చెప్తే మళ్లీ పంపిస్తా," అంది.

మస్తానయ్యకు ఏడుపొక్కటే తక్కువ. పెళ్లానికి ఫోన్ చేశాడు. "మే, నేను హిందువునని చెప్పేదానికి తెలిసినోళ్లని తీసుకోని ఆసుపత్రికి రా."

"ఓరి దేవుడా! ఎందుకయ్యా?"

"ఎందుకని అడగబాక!"

అడగవద్దంటే ఊరుకోవడానికి అది విడవలూరు. మొగుడు ఏ గొడవల్లో ఇరుక్కున్నాడోనని మాలకొండమ్మ వీధిలోకొచ్చి గుండెలు బాదుకుంది. మధ్యాహ్నానికల్లా ఆటోల నిండా జనం ఆసుపత్రి ముందు దిగారు. ముందు తమ్ముడు రమణయ్య, వెనక తాళాలతో సహా భజన బృందం.

"మా అన్న ఏం తప్పు చేసినాడు?" అని రమణయ్య గర్జించాడు.

"తప్పేం లేదండీ, సున్తీకి వచ్చారు," అంది రేవతి, ఆసుపత్రి మొత్తానికి వినపడేలా.

మస్తానయ్య గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఛీ, ఇంతకన్నా చావు నయం అనిపించింది పాపం. జనం మాత్రం బాధ్యత మరవలేదు. ఒక్కొక్కరే ముందుకొచ్చి సాక్ష్యమిచ్చారు.

"నవమికి పానకం కలిపేది ఈయనే!"

"శివరాత్రి జాగారంలో గురక పెట్టేదీ ఈయనే!"

గోల విని డాక్టరు బయటికొచ్చాడు. "ఈయన మతంతో కార్డుకేం పనమ్మా? షుగరు వల్ల వచ్చిన జబ్బని నేను చెప్తే చాలు. నన్నొక్క మాట అడగొచ్చు కదా!"

రేవతి నాలుక కరుచుకుని ‘ఆచారం’ తీసేసి ‘జబ్బు’ అని పెట్టింది. టీ తాగేలోపు మంజూరైపోయింది.

"దీనికా ఊరందర్నీ పిలిపించినావు?" మాలకొండమ్మ కళ్లు తుడుచుకుంది. "నాకొక్కదానికి చెప్పుంటే నోరు కుట్టేసుకోని ఉందును గదయ్యా!"

మస్తానయ్యను ఊరు ఊరంతా జాగ్రత్తలు చెబుతూ ఆపరేషన్ గదిదాకా సాగనంపింది. సున్తీకి తమవాళ్ల ఆనవాయితీ ప్రకారం చోటే సాహెబు ఎక్కణ్ణుంచో పూలదండ తెచ్చి మెడలో వేశాడు.

నర్సు అందరినీ బయటికి నెట్టి తలుపు గడియ పెట్టింది. రోగి గుట్టు కాపాడటం ఆసుపత్రి నియమమట.