మాట్లాడితే టీచరు ఓడినట్టే

పొద్దున్నే పొయ్యి మీద పాలు పొంగుతున్నా లెక్కల టీచరు కళ్ళు ఫోను మీద నుంచి కదల్లేదు. లోకమంతా ఫోనులో పెళ్ళిళ్ళూ పిల్లులూ చూస్తుంటే ఆవిడ పాఠాలు చూస్తుంది. ఎక్కడి టీచరు ఏ కొత్త ఉపాయం పెట్టినా, అది తెల్లారేసరికి ఈవిడ ఐదో తరగతిలో తేలాల్సిందే.

"మళ్ళీ ఏం దొరికింది?" స్టవ్ కట్టేస్తూ అడిగాడు భర్త.

"మౌన పాఠం. గంట కొట్టేదాకా టీచరు మాట్లాడకూడదు. పిల్లలే ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోవాలి."

"నువ్వా? మాట్లాడకుండానా?" అతనికి నవ్వాగలేదు. "పోయిన వారం బెంచీలన్నీ వెనక్కి తిప్పించి హెడ్మాస్టరుగారిని బోర్లా పడేశావు. రేపు ఆఫీసరు వస్తున్నారు. ఆయన సరేనంటేనే నీ ఉద్యోగం పర్మనెంటు. కాస్త బుద్ధిగా ఉండకూడదూ?"

"రేపు ఉంటాలే. వెనక బెంచీ పిల్ల ఉందే, బళ్ళో చేరిందగ్గర్నుంచీ క్లాసులో నోరు విప్పలేదు. నేను నోరు మూసుకుంటేనైనా విప్పుతుందేమో చూస్తాను."

ఆ పిల్లంటే ఆవిడకు ప్రాణం.

క్లాసులోకి వెళ్ళగానే బోర్డు మీద రాసింది: 'నేను మాట్లాడితే ఓడినట్టే. ఓడితే వారం రోజులు హోంవర్కు లేదు.' తర్వాత గుండ్రటి కాగితాలు పంచి, మడిచి ముక్కలు చేయమని సైగ చేసింది. పిల్లలు ఒక కన్ను కాగితం మీద, ఒక కన్ను టీచరు పెదాల మీద పెట్టి పని మొదలెట్టారు.

అంతలో అటెండరు రొప్పుతూ వచ్చాడు. "అమ్మా, ఆఫీసరుగారు ఒకరోజు ముందే దిగిపోయారు! హెడ్మాస్టరుగారు మిమ్మల్ని రమ్మంటున్నారు!"

ఆవిడ గుమ్మం వైపు రెండడుగులు వేసింది. అయినా మాట మాటే. నోటి మీద వేలు పెట్టుకుని, తల అడ్డంగా ఊపింది. అటెండరు వచ్చిన దారినే పరుగెత్తాడు.

"రారటండీ! మాట్లాడనని ఒట్టు కూడా పెట్టుకున్నట్టున్నారు!"

హెడ్మాస్టరుగారికి ముచ్చెమటలు పోశాయి. టీచర్ల శిక్షణకు పంపమని ఆవిడ ఎన్నిసార్లు అడిగినా ఆయన చూద్దాం చూద్దామని దాటేశారు. "అందుకే ఈ మౌనదీక్ష! సరిగ్గా ఆఫీసరు వచ్చిన రోజే!"

కబురు స్టాఫ్‌రూముకు చేరింది. కొత్త ఫ్యాను కోసం ఎప్పట్నుంచో మొత్తుకుంటున్న డ్రాయింగు మాస్టారు వెంటనే చేతులు కట్టుకుని తానూ మౌనంలోకి దిగారు.

హెడ్మాస్టరుగారు క్లాసు గుమ్మంలో నిలబడి బతిమాలారు. "శిక్షణకి పంపిస్తానమ్మా. ఒక్క మాట మాట్లాడండి."

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"సరే, ఫ్యాను కూడా వేయిస్తాను!"

దయచేసి వెళ్ళమని ఆవిడ చేతులు జోడించింది. ఆయనా జోడించారు.

"ఎవరికి ఫ్యాను?" వెనక నుంచి ఆఫీసరుగారి గొంతు వినిపించింది. జవాబు కోసం చూడకుండా ఆయన నేరుగా లోపలికొచ్చి, బోర్డు చదివి, పిల్లల వైపు తిరిగారు. "మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా?"

"నాలుగో వంతే సార్!" క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది.

టీచరు నోటిదాకా వచ్చిన మాటను పంటి బిగువున ఆపుకుంది. ఇక ఉద్యోగానికి నీళ్ళొదులుకోవడమే అనుకుంది.

వెనక బెంచీ కిర్రుమంది. ఆ పిల్ల లేచి రెండు కాగితం ముక్కలు పక్కపక్కన పట్టుకుంది. "కాదు సార్. ఎక్కువమంది పంచుకుంటే ముక్క చిన్నదైపోతుంది. మా ఇంట్లో రోజూ ఇదే గొడవ."

"శభాష్‌రా నా తల్లీ!" టీచరు కేక వరండా చివరిదాకా వినిపించింది.

"టీచరు ఓడిపోయారోచ్!" పిల్లలు బెంచీలెక్కారు.

"దీక్ష విరమించారు!" హెడ్మాస్టరుగారు జేబురుమాలుతో మొహం తుడుచుకున్నారు.

ఆవిడ కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి, ఓడినందుకు మాత్రం కాదు. ఆఫీసరుగారు నవ్వుతూ అక్కడికక్కడే ఆవిడ పర్మనెంటు కాగితం మీద సంతకం పెట్టారు. హెడ్మాస్టరుగారు ఇచ్చిన మాట ఆయన చెవిన పడింది కనుక శిక్షణా వచ్చింది, ఫ్యానూ తిరిగింది.

హెడ్మాస్టరుగారికీ ఫోను పాఠాల మీద గురి కుదిరింది. సోమవారం ప్రార్థనలో ఆయన ప్రసంగానికి బదులు మౌనంగా నిలబడ్డారు. ఆయన ప్రసంగాలన్నిటిలోకీ అదే గొప్పదని బడంతా ఒప్పుకుంది.