వజ్రముష్టి కౌలు

ఆ శుక్రవారం పొద్దున రాజేశ్వరి పెట్టుకున్న పని ఒక్కటే. మాబు సాహెబ్‌కు ఫోన్ చేసి, వంటింటి స్లాబు ఇవాళైనా మొదలుపెడతాడో లేదో తేల్చుకోవాలి. వానలు వారంలో వస్తాయంటున్నారు. పోయినేడు కారిన చోటి కిందే అటక ఉంది. అటక మీద ఏడాదికి సరిపడా కొట్టించిన కారం జాడీల్లోనూ, కొత్త చింతపండు కుండలోనూ ఉన్నాయి. నల్లపాడు మొత్తానికి స్లాబు కారకుండా చేయగల తాపీ మేస్త్రి మాబు సాహెబ్ ఒక్కడేనని అందరూ అంటారు. మూడు వారాలుగా అతను "రేపొస్తానమ్మగారూ" అంటున్నాడు. అతను రేపన్న రోజులను రాజేశ్వరి క్యాలెండరు మీద పెన్సిలుతో గుర్తు పెడుతూ వచ్చింది. పద్దెనిమిది తేలాయి.

పంతొమ్మిదోసారి ఫోన్ మోగి మోగి ఆగింది. అప్పుడే భావనారాయణ స్నానం చేసి, తల తుడుచుకుంటూ వంటింట్లోకి వచ్చాడు.

"ఇవాళ నేను ఆఫీసుకు వెళ్ళట్లేదు. సాయంత్రం ఆరులోపు నీ స్లాబు డబ్బులు నీ చేతిలో ఉంటాయి" అన్నాడు.

స్లాబు డబ్బులంటే నలభై వేలు. పద్నాలుగు నెలల కిందట ఆ నలభై వేలూ పెట్టి భావనారాయణ ఒక మల్లుణ్ణి కొన్నాడు. మల్లుడు ఫోన్లో ఉంటాడు. పేరు వజ్రముష్టి. నాలుగు చేతులు, రెండు గదలు, మోకాళ్ళ దాకా మీసాలు. తనలాంటి మల్లులతో పోట్లాడుతుంటాడు, గెలిస్తే నాణేలొస్తాయి. ఏ మల్లుడు ఎవరిదో బ్లాక్‌చెయిన్ అనే పుస్తకంలో రాసి ఉంటుందనీ, ఆ రాత దేవుడు కూడా కొట్టెయ్యలేడనీ, అచ్చం పొలం పాసుపుస్తకం లాంటిదనీ భావనారాయణ అప్పట్లో భార్యకు గంటసేపు వివరించాడు. వ్యవసాయశాఖ ఆఫీసులో సూపరింటెండెంటు కాబట్టి అతనికి ఏదైనా పాసుపుస్తకంతో పోల్చితే గాని అర్థమవదు.

"ఆదివారం పెద్ద టోర్నమెంటు. పేర్లివ్వడానికి ఇవాళ ఆరింటిదాకే గడువు. పొన్నూరులో దుర్గాప్రసాద్ అని బియ్యం వ్యాపారి, అరవై రెండు వేలకు కొంటానన్నాడు" అన్నాడు భావనారాయణ.

"అయితే అమ్మేయండి."

"అమ్మాలంటే ముందు మేస్త్రి ఒక నొక్కు నొక్కాలి."

"ఏ మేస్త్రి?"

"మన మాబు సాహెబ్. ఆయనకు కౌలుకిచ్చానుగా."

రాజేశ్వరి పోపులో ఆవాలు మాడనిచ్చింది. పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళలో అలా జరగడం రెండోసారి.

భావనారాయణది పర్చూరు వైపు పల్లెటూరు. చేను బీడు పెట్టడం వాళ్ళింట్లో పాపం కింద లెక్క. ఆఫీసు పనితో వజ్రముష్టిని ఆడించడానికి తీరిక దొరక్కపోతే అతనికి నిద్ర పట్టలేదు. ఆటలోనే మల్లుణ్ణి ఇంకొకరికి అద్దెకిచ్చే ఏర్పాటు ఉంది. మూడు వారాల కిందట స్లాబు చూడడానికి వచ్చిన మాబు సాహెబ్ ఫోన్లో వజ్రముష్టిని చూసి మీసాలు బాగున్నాయన్నాడు. అక్కడికక్కడే ఐదువందల పోట్లాటలకు ఒప్పందమైంది. వచ్చిన నాణేలు సగం సగం. గడువు తీరేదాకా యజమాని అమ్మలేడు, కౌలుదారు 'వాపసు' అని నొక్కితే తప్ప.

"రోజుకు ఎన్ని పోట్లాటలు?" అని అడిగింది రాజేశ్వరి.

"ఇరవై. అంతకు మించి ఆడనివ్వదు."

"ఒక్కోటి ఎంతసేపు?"

"పది నిమిషాలు."

"రోజుకు మూడు గంటల ఇరవై నిమిషాలు. ఇరవై ఒక్క రోజులు. నా స్లాబు పని మూడు రోజులు." ఆమె స్టవ్ కట్టేసింది. "ఆయన్ని రాకుండా చేసింది మీరన్నమాట."

భావనారాయణ మేస్త్రికి ఫోన్ చేశాడు. మాబు సాహెబ్ మొదటి రింగుకే ఎత్తాడు. పావుగంటలో గుమ్మంలో ఉన్నాడు, చేతిలో డజను మామిడిపళ్ళతో. భూస్వామి ఇంటికి కౌలుదారు ఉత్త చేతులతో వెళ్ళకూడదని అతనికి తెలుసు. రాజేశ్వరిని చూసి మాత్రం తల వంచుకున్నాడు.

విషయం విన్నాక కుర్చీ అంచున కూర్చుని మెల్లగా అన్నాడు. "సార్, తమరు రైతుబిడ్డ. తమకు నేను చెప్పేదేముంది? నాలుగొందల ఇరవై అయినాయి. ఇంకో ఎనభై ఆడితే పైమెట్టుకొస్తాడు. చేతికొచ్చే పంట మీద కౌలుదారుని లెమ్మంటారా?"

"న్యాయమైన మాట" అంది లోపలి గదిలోంచి భావనారాయణ తల్లి వెంకటరావమ్మ. కర్ర తాటించుకుంటూ హాల్లోకి వచ్చింది. "మిరప పూత మీదుంటే మీ నాన్న ఎవర్నీ కదిలించలేదురా. వాడెవడో నాలుగు డబ్బులెక్కువిస్తానన్నాడని ఊరు మొహం ఎట్లా చూస్తావు?"

"అమ్మా, ఇది మిరప కాదే."

"పంట పంటే. ఈ పంట తీశాక రెండో పంటకు మా యలమందయ్యకు ఇప్పిస్తానని నేను మాటిచ్చాను కూడాను."

భావనారాయణ మంచినీళ్ళు అడిగాడు. రాజేశ్వరి తెచ్చి ఇచ్చింది. అప్పటికి తొమ్మిదిన్నర.

ఇలాంటి తగవులో వాళ్ళ వైపు అందరికీ తెలిసిన దారి ఒకటే ఉంది. పెద్దమనుషుల్ని పిలవడం. యలమందయ్య వెంకటరావమ్మకు తమ్ముడు, నాలుగు ఊళ్ళకు పెద్దమనిషి. పన్నెండున్నరకు బస్సు దిగి వచ్చాడు. ఒక్కడు కూర్చుంటే పంచాయితీ అనిపించుకోదని ఇద్దర్ని వెంటబెట్టుకొచ్చాడు. రాజేశ్వరి బియ్యం మళ్ళీ కడిగింది.

భోజనాలయ్యాక యలమందయ్య తువాలు భుజాన సర్దుకుని అడిగాడు. "ఎన్ని ఎకరాలు అల్లుడూ?"

"ఎకరాలు కాదు మామయ్యా. మల్లుడు."

"మా అక్క రెండో పంటంటే పొలమనుకున్నానే. సరే, ఆస్తిని చూపించు. చూడకుండా తీర్పు చెప్పను."

కౌలు తీరేదాకా మల్లుడు మాబు సాహెబ్ ఫోన్లోనే ఉంటాడు. అతను ఒక పోట్లాట ఆడి చూపించాడు. వజ్రముష్టి గెలిచాడు. పెద్దమనుషులు ముగ్గురూ కళ్ళజోళ్ళు తుడుచుకుని, అంత దూరం నుంచి సరిగా ఆనలేదన్నారు. ఇంకొకటి ఆడాడు. ఎడమవైపు పైచెయ్యి కాస్త నెమ్మదిగా లేస్తోందని యలమందయ్య కనిపెట్టాడు. అది నిజమో కాదో చూడడానికి ఇంకో మూడు ఆడాల్సి వచ్చింది.

తర్వాత ఒప్పందం సంగతి. నాణేలు సగం సగం అని వినగానే యలమందయ్య చెయ్యెత్తాడు. "ఆగండాగండి. పంటతో పని లేకుండా ఇంతని ముందే అనుకుంటే కౌలు. పండిన దాంట్లో సగమంటే అది కోరు. మీరు కౌలని ఎట్లా అంటున్నారు?" ఇది తేలడానికి గంటంబావు పట్టింది. మధ్యలో రాజేశ్వరి గుమ్మం దగ్గర నిలబడి, "బాబాయ్, ఏదైతేనేం, ఆరింటికి గడువు" అంది. "పునాది సరిగా లేకపోతే మేడ నిలబడుతుందా అమ్మాయ్?" అన్నాడాయన. మేడ అనగానే మాబు సాహెబ్ మళ్ళీ తల వంచుకున్నాడు. రాజేశ్వరి టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. అది నాలుగోసారి.

ఐదూ నలభైకి తీర్పు వచ్చింది. మేస్త్రి మల్లుణ్ణి ఖాళీ చెయ్యాలి. మిగిలిన పోట్లాటల్లో అతనికి రావాల్సింది భావనారాయణ ఇచ్చుకోవాలి. వెంకటరావమ్మ ఇచ్చిన మాటను యలమందయ్య వదులుకున్నట్టే. మాబు సాహెబ్ భుజం మీది కండువాతో ఫోన్ అద్దం తుడిచి, కాసేపు చూసి, వాపసు నొక్కాడు.

భావనారాయణ గబగబా అమ్మకం మొదలుపెట్టాడు. తెర మీద ఒక గడి తెరుచుకుంది. యజమాని ఫోనుకు వచ్చిన ఆరు అంకెలు వెయ్యమంది. అతను తన ఫోన్ తిప్పి చూశాడు, ఏమీ రాలేదు. వంటింట్లో ఉప్పు డబ్బా పక్కన ఏదో కుయ్యిమంది.

వాళ్ళింట్లో ఏది కొన్నా ఆడవాళ్ళ పేరు మీదే కొంటారు. అలా అయితే నిలుస్తుందని నమ్మకం. ఊళ్ళో మెట్ట చేను వెంకటరావమ్మ పేరున, నల్లపాడు స్థలం రాజేశ్వరి పేరున, చివరికి ఫ్రిజ్ బిల్లు కూడా రాజేశ్వరి పేరునే ఉన్నాయి. వజ్రముష్టిని కొన్ననాడు భావనారాయణ అలవాటు ప్రకారమే పేరు రాశాడు. గ్యాస్ బుక్ చెయ్యాలంటూ ఆమె ఫోన్ ఐదు నిమిషాలు తీసుకున్నాడు. తర్వాత ఆ మాట తనే మర్చిపోయాడు.

రాజేశ్వరి ఫోన్ పట్టుకుని హాల్లోకి వచ్చింది.

"ఆస్తి అమ్మాయిదా?" అన్నాడు యలమందయ్య.

"అవును మామయ్యా."

"హక్కుదారుని కూర్చోబెట్టకుండా పొద్దుటి నుంచీ పంచాయితీ చేయించావా నా చేత? బయట తెలిస్తే నాకు విలువుంటుందా? ఈ తీర్పు చెల్లదు. అమ్మాయికి కుర్చీ వెయ్యండి. మొదట్నుంచి చెప్పుకుందాం."

"అక్కర్లేదు బాబాయ్, అంకెలు చెబుతాను. ఐదూ యాభై రెండయింది" అంది రాజేశ్వరి.

"పద్ధతి పద్ధతేనమ్మా. కూర్చో."

భావనారాయణ గడియారం వైపు, మామయ్య వైపు మార్చి మార్చి చూశాడు. మేనమామ మాట మధ్యలో తెంచడం అతనికి చిన్నప్పటి నుంచీ చేతకాదు. యలమందయ్య గొంతు సవరించుకుని, కౌలుకూ కోరుకూ తేడాతో మొదలుపెట్టాడు.

ఆరూ ఐదుకి పొన్నూరు నుంచి ఫోన్ వచ్చింది. దుర్గాప్రసాద్ చాలా మర్యాదగా మాట్లాడాడు. "ఏమనుకోకండి భావనారాయణ గారూ, ఆఖరి నిమిషం దాకా చూశాను. వేరేది కొనేశాను." టోర్నమెంటు తలుపులు మూసుకోగానే మల్లుల ధరలన్నీ పడ్డాయి. వజ్రముష్టికి ఇప్పుడు ఎవరైనా నాలుగు వేలిస్తే గొప్ప. కిటికీలోంచి ఉరుము వినిపించింది. అందరూ విననట్టు కూర్చున్నారు.

మాబు సాహెబ్ లేచాడు. "వస్తానమ్మగారూ. రేపట్నించి తెనాలిలో పనుంది. నెల పడుతుంది."

"కూర్చోండి మేస్త్రీ" అంది రాజేశ్వరి. ఆమె గొంతు పెంచలేదు. "వజ్రముష్టి మీకు కావాలా? కౌలుకి కాదు, సొంతానికి."

అతను కూర్చున్నాడు.

"సిమెంటూ, కారకుండా వేసే మందూ నేను తెప్పిస్తాను. మూడు రోజుల కూలీ కింద వాణ్ణి మీ పేర రాస్తాను. రేపు పొద్దున ఆరింటికి రావాలి. పని అయ్యాక స్లాబు చుట్టూ గట్టు కట్టి, ఒక పగలూ రాత్రీ నీళ్ళు నిలబెట్టాలి. అటక మీద నేను పేపర్లు పరుస్తాను. చుక్క పడలేదంటే అప్పుడు అంకెలు చెబుతాను. తెనాలి వాళ్ళకు మీరే చెప్పుకోండి."

"మధ్యలో ఒక్కటన్నా ఆడనివ్వరా అమ్మగారూ? వాడి చెయ్యి మొద్దుబారుద్ది."

"బారనీయండి."

మాబు సాహెబ్ తల ఊపాడు. యలమందయ్య మనుషులిద్దరి వైపూ చూసి, "తీర్పంటే అట్లా ఉండాల" అన్నాడు, తనే చెప్పినట్టుగా. భావనారాయణకు ఏదో అనాలనిపించింది గాని, ఆస్తి అతనిది కాదు.

మర్నాడు ఆరింటికి ఐదు నిమిషాల ముందే నిచ్చెన గోడకు ఆనింది. పద్దెనిమిది రేపుల మనిషి మూడు రోజులూ బీడీకి కూడా కిందికి దిగలేదు. నాలుగో రోజు స్లాబు మీద జానెడు నీళ్ళు నిలిచాయి. ఐదో రోజు పొద్దున రాజేశ్వరి అటకెక్కి, పేపర్లు ఒక్కొక్కటీ వెలుగులో పట్టి చూసింది. దిగొచ్చి ఆరు అంకెలూ చదివింది. ఆ సాయంత్రమే వాన పడింది. వంటిల్లు పొడిగా ఉంది.

తర్వాతి ఆదివారం ఆమె కాఫీ తెచ్చేసరికి భావనారాయణ వరండాలో ఫోన్ మీదికి వంగి కూర్చున్నాడు. పక్కన వెంకటరావమ్మ, "ఎడమ చెయ్యిరా, ఎడమ చెయ్యి" అంటోంది.

"ఎవరిదది?" అంది రాజేశ్వరి.

"వజ్రముష్టే" అన్నాడతను తలెత్తకుండా. "వానలు మొదలయ్యాయిగా, మేస్త్రికి పనులు పెరిగాయి. నాకు కౌలుకిచ్చాడు. ఐదువందలకు."

"కోరుకి" అని సరిదిద్దింది వెంకటరావమ్మ.

రాజేశ్వరి కాఫీ బల్ల మీద పెట్టి, కళ్ళజోడు తెచ్చుకుని, అతని చేతిలోంచి ఫోన్ తీసుకుని ఒప్పందం మొదటి నుంచి చివరి దాకా చదివింది. రోజుకు ఇరవై పోట్లాటలేనని అందులో స్పష్టంగా ఉంది. ఆమె అతనికి కూరల సంచీ అందించి, ఇరవై ఒకటో పోట్లాట రైతుబజార్లో ఉందని చెప్పింది.