దిండు కూడా కారుతోంది

వానల నెల మధ్యలో ఆ రోజు ఎండ కాసింది. కొకురా నగరంలోని ఆ నాలుగంతస్తుల కాలనీ భవనంలో ఎండ కాసిందంటే ఇక చూసుకోనక్కర్లేదు. కప్పుకునే దుప్పటి దగ్గర్నుంచి కాళ్ళు తుడుచుకునే గుడ్డ దాకా అన్నీ ఉతుకుడుకి వస్తాయి. రెండో అంతస్తులో సుమియే కూడా తెల్లవారగానే బట్టల బుట్ట ముందేసుకుంది. ఆమె భర్త తాత్సుజో మాత్రం తనకి ఏ పనీ తగలకముందే నల్ల, తెల్ల రాళ్ళతో గో ఆట ఆడే క్లబ్బుకి జారుకుందామని చూశాడు. వాషింగ్ మెషీన్ ముందు కాలు జారకపోతే వెళ్ళేవాడే.

"నీళ్ళు," అన్నాడు గోడ పట్టుకుని. "మెషీన్ కారుతోంది."

"నేను తుడుస్తాగా. మీరు వెళ్ళండి, అక్కడ ఎదురుచూస్తుంటారు," అంది సుమియే.

క్లబ్బు పేరెత్తితే సణిగే మనిషి ఇలా సాగనంపుతోందేమిటని ఆయనకి అనుమానం రావాల్సింది. రాలేదు. ఆయన మనసు అప్పటికే గొడుగుల స్టాండులో ఉన్న పొడవాటి ఇనప కడ్డీ మీదికి పోయింది.

తల నెరిసేదాకా ఆయన నగర నీటి శాఖలో చేసిన పని అదే. ఊరు సద్దుమణిగాక రోడ్డు మీద ఆ కడ్డీ నిలబెట్టి, పై కొనకు చెవి ఆనించి, భూమిలో గొట్టం ఎక్కడ కారుతోందో చెప్పడం. ఆయన చూపించిన చోట తవ్వితే నీళ్ళు పడాల్సిందే. ఇప్పుడా గొట్టాలూ మార్చేశారు, ఆ వీధులూ మారిపోయాయి. అయినా ఏ సందులో నీళ్ళు ఎలా పలికేవో ఆయనకింకా గుర్తే. పదవీ విరమణ రోజున తోటివాళ్ళు ఆ కడ్డీని ఆయన చేతిలోనే పెట్టి పంపారు.

ఈ మధ్య మాత్రం తన చెవి మీద తనకే నమ్మకం సడలింది. క్లబ్బులో ఎవరేమన్నా నవ్వి ఊరుకుంటున్నాడు. కూతురేమో వచ్చే వారానికి చెవి డాక్టరు దగ్గర టైము తీసుకుంది. ఈ ఒక్క కారుడు పట్టేస్తే ఇక డాక్టరు అక్కర్లేదు, తన చెవి తనకున్నట్టే అనుకున్నాడు.

ముందు మెషీన్ కింద, మెషీన్ ముందు పాత పేపర్లు పరిచాడు. స్పానరు వెతికి తెచ్చేసరికి ముందున్న పేపరు తడిసింది, కిందున్నది పొడిగా ఉంది. మరొకడైతే అక్కడ ఆగి ఆలోచించేవాడు. తాత్సుజో కుళాయి దగ్గరి బిగింపు తిప్పాడు, నీళ్ళు బయటికిపోయే గొట్టం మార్చాడు. తర్వాత మెషీన్ మీద కడ్డీ ఆనించి విన్నాడు. షా... అని సన్నగా వినిపించింది. ఎన్నేళ్ళయిందో ఆ చప్పుడు విని. ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

గోడ మీద పెట్టాడు. షా... వరండాలో పెట్టాడు. అక్కడా షా...

"ఇది మన మెషీన్ కాదే. బిల్డింగు గొట్టమే పోయింది," అన్నాడు.

"మీరు క్లబ్బుకి వెళ్తానన్నారు," అంది సుమియే.

ఆయన కింది అంతస్తులో ఉండే భవన సంఘం పెద్ద హమనాక దగ్గరికి వెళ్ళాడు. నీటి శాఖ మనిషి స్వయంగా వచ్చి చెప్పాక హమనాక రెండో మాట అడుగుతాడా? భవనానికంతటికీ నీళ్ళు కట్టేసి, నీటి శాఖకి ఫోన్ చేశాడు. అప్పటికి ఆ భవనంలో ప్రతి ఇంట్లోనూ దుప్పట్లు నురగలో నానుతున్నాయి. కాసేపట్లో మెట్ల మీద ఆడవాళ్ళంతా చేరారు. ఒకాయన తల నిండా షాంపూతో, నడుముకి తువ్వాలుతో వచ్చాడు.

"ఎంతసేపండీ? కళ్ళు మండుతున్నాయి," అన్నాడాయన.

"గొట్టం పగిలి ఇల్లు మునిగితే కళ్ళు కాదు, కడుపు మండుతుంది. కాస్త ఓపిక పట్టండి," అన్నాడు హమనాక.

నీటి శాఖ నుంచి ఇసొగాయి వచ్చాడు. ఒకప్పుడు తాత్సుజో దగ్గర పని నేర్చుకున్నవాడు, ఇప్పుడు సెక్షను పెద్ద. తాత్సుజోగారు చెప్పారని తెలిసి కుర్రాళ్ళని పంపకుండా తనే వచ్చాడు.

"గురువుగారూ, ఈ కడ్డీ మొదటిసారి నా చెవికి ఆనించింది మీరే. స్నానశాల మూల మీద, మంచులో. గుర్తుందా?"

"చెవి గడ్డకట్టిందని ఏడ్చావు. ముందు గోడ విను."

ఇసొగాయి విన్నాడు. గోడ, వరండా, మెట్లు, అన్నీ విన్నాడు. కడ్డీ దించి గురువుగారి వైపు చూశాడు.

"వినపడట్లేదూ? ఇటివ్వు. ఇదిగో, షా అని ఎంత బాగా పోతోందో. నీ చెవికేమొచ్చిందిరా?"

"గురువుగారూ, నీళ్ళు కట్టేసి అరగంటయింది," అన్నాడు ఇసొగాయి మెల్లగా.

ఆయన్ని లోపలికి తీసుకెళ్ళి, తలుపు వేసి, నేల మీద కూర్చోడానికి వేసే దిండు ఆయన ముందుకి జరిపాడు. "ఒక్కసారి దీని మీద పెట్టండి."

తాత్సుజో పెట్టాడు. చాలాసేపు విన్నాడు. తర్వాత కడ్డీ పక్కన పెట్టి, "ఇది కూడా కారుతోందిరా," అన్నాడు.

ఆయనకి ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ ఊరి గొట్టాలన్నీ విన్న చెవి ఇప్పుడు తన హోరు తనే వింటోంది.

సుమియే స్నానాల గదిలోకి వెళ్ళి బకెట్టు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఆ నీళ్ళు నావి. రాత్రి స్నానపు తొట్టిలో మిగిలిన నీళ్ళని మెషీన్‌లోకి తోడే పంపు చెడిపోయి నెలయింది. బకెట్టుతో మోస్తున్నా, ఒలుకుతున్నాయి."

"చెప్పొచ్చుగా?"

"చెబితే బాగుచేస్తారు. పోయినేడు మీరు బాగుచేసిన కుక్కరులో ఇప్పటికీ గంజే వస్తోంది." ఆమె తడి చేతులు తుడుచుకుంది. "చెవి సంగతి నాకు తెలుసు. భోజనానికి మూడుసార్లు పిలిపించుకుంటున్నారు. మీరే చెబుతారని ఊరుకున్నా. ఆ రోజుల్లో తెల్లారగట్ల మెట్ల మీద మీ కడ్డీ చప్పుడు విని సూపు వేడిచేసేదాన్ని. ఇప్పుడు మీ వంతు కూడా నేనే వింటాలెండి."

ఇసొగాయి బయటికెళ్ళి, పాత గొట్టాల పరీక్ష బాగా జరిగిందని, గురువుగారి జాగ్రత్తకి అందరూ కృతజ్ఞతలు చెప్పాలని ప్రకటించాడు. షాంపూ ఆయన కళ్ళు మూసుకునే వంగి దణ్ణం పెట్టాడు. నీళ్ళు వదిలారు. ఈలోపు ఎండ పోయి వాన పట్టుకుంది.

సుమియే నెలంతా నీళ్ళు మోసిన బాకీ తీర్చుకోవాలని తాత్సుజో పట్టుబట్టి పంపు బాగుచేశాడు. మరుసటి వారం కూతురు వెంట డాక్టరు దగ్గరికి వెళ్ళి, చెవి మిషను పెట్టించుకుని వచ్చాడు. సుమియే మెషీన్ వేసింది. ఆయన గుమ్మంలో ఆగిపోయి చెయ్యెత్తాడు. కడ్డీ లేదు, గోడకి చెవి ఆనించలేదు.

"కారుతోంది. స్నానాల గదిలో, ఎడమ పక్క, ఒక్కో చుక్కా," అన్నాడు.

సుమియే వెళ్ళి చూసింది. నిజమే, ఆయన చెప్పిన చోటే కారుతోంది. ఆయన బిగించిన పంపు దగ్గర.