చెరి సగం పెనం

శనివారం పొద్దున గుడ్రున్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఊరి హాల్లో పాత ఇనప సామాను సంత జరుగుతోంది. తన దగ్గరున్న సగం వాఫిల్ పెనం అక్కడికి పట్టుకెళ్లి, జోడీ దొరుకుతుందేమో అడిగి, పదకొండుకల్లా ఇంటికొచ్చి కాఫీ తాగాలి. అరవై ఏడేళ్ల మనిషికి అంతకంటే పెద్ద పథకం అక్కర్లేదు.

పెనం సగమే ఎందుకుందో ఓద్దా ఊళ్లో ఇరుగుపొరుగు వాళ్లకు తెలుసు. తొమ్మిదేళ్ల కిందట తల్లి పోయినప్పుడు గుడ్రున్, చెల్లెలు సిగ్నే గడియారం, కుర్చీలు, దుప్పట్లు అన్నీ పోట్లాడుకుంటూనే పంచుకున్నారు. పెనం దగ్గరికొచ్చేసరికి బండి ఆగిపోయింది. రెండు ఇనప పలకల మధ్య పిండి పోసి, పొయ్యి మీద అటూ ఇటూ తిప్పి కాల్చే పెనం అది. తల్లి ప్రతి శనివారం యాలకుల పొడి వేసిన వాఫిళ్లు అందులోనే కాల్చేది. నాకంటే నాకని పంతానికి పోయి, చివరికి కీలు దగ్గర ఊడదీసి చెరో పలకా పట్టుకుపోయారు. ఆ రోజు నుంచి మాటల్లేవు. వంతెనకు ఈ పక్క అక్క, ఆ పక్క చెల్లెలు. అక్క పొద్దున సరుకులు కొనుక్కుంటే చెల్లెలు సాయంత్రం కొనుక్కునేది.

గుడ్రున్ ఒంటి పలక మీద పిండి పోసి, పైన బాణలి పెట్టి అదిమి కూడా చూసింది. ఒక పక్క హృదయాల అచ్చులు పడ్డాయి, రెండో పక్క బోడిగా వచ్చింది. కరెంటుది కొంది. వాఫిల్ వచ్చింది కానీ ఆ రుచి రాలేదు. నిజానికి ఆమె బెంగ వాఫిల్ మీద కాదు, బల్లకు ఎదురుగా కూర్చుని జామ్ సీసా తన వైపు లాక్కునే చెల్లెలి మీద. ఆ మాట పైకి అనడం కంటే పెనం వెతుక్కోవడం తేలిక.

హాల్లో హల్వార్డ్ బల్ల ముందు జనం ఉన్నారు. ఫెర్రీలో మెకానిక్‌గా చేసి రిటైరై, ఈ మధ్యే ఈ ఊరొచ్చిన హల్వార్డ్‌కు పాత పెనాలంటే ప్రాణం. పలకను వైరు బ్రష్షుతో రుద్ది, కీలు పక్కన భూతద్దం పెట్టి చూశాడు.

"ఏడు అంకె, కింద చిన్న చుక్క. పోత పోసిన చోటే రెండు పలకల్నీ ఒకదానికొకటి సరిపోయేలా ఆకురాయితో రాకి ఈ గుర్తు వేస్తారండీ. వేరే పలకతో జత కలిపితే పిండంతా పొయ్యి పాలే. మీ అదృష్టం చూడండి, దీని జోడీ పొద్దున్నే వచ్చింది. తుప్పు వదలడానికి వెనిగర్‌లో వేశాను. ఆవిడ కాఫీ బల్ల దగ్గరుంది."

గుడ్రున్ కాఫీ బల్ల వైపు తిరిగి చూసింది. ఆ బూడిదరంగు టోపీ ఎవరిదో వెనక నుంచే తెలిసింది. నడిస్తే ముప్పై అడుగులు. కానీ అడిగేది తనేనని తెలిస్తే చెల్లెలు చచ్చినా ఇవ్వదనుకుంది. తన పేరు చెప్పకుండా ఆ పలక అడిగి చూడమని, బదులుగా రెండు సీసాల జామ్ ఇస్తానని హల్వార్డ్‌తో కబురు పెట్టింది.

సిగ్నేకు ఆ కబురు పిడుగులా తగిలింది. తన పలకకు జోడీ లోకంలో ఒక్కటే, అది అక్క దగ్గరుండాలి. ఇప్పుడెవరో పేరు చెప్పని మనిషి చేతిలో ఉందంటే అక్క అమ్మేసుకుందన్నమాట. తను ఇవ్వనని, కావాలంటే ఆ పలకే తనకివ్వమని, ఉన్ని స్వెట్టర్ అల్లి ఇస్తానని చెప్పింది. అమ్మ పెనాన్ని వదులుకున్న మనిషికి మనసన్నదే లేదని కూడా అంది. హల్వార్డ్ నిజాయితీపరుడు. చివరి ముక్కతో సహా మోసుకొచ్చాడు. అది తననే అనుకుని గుడ్రున్ ముఖం మాడిపోయింది.

జామ్ నాలుగు సీసాలైంది. స్వెట్టర్‌కు మేజోళ్లు తోడయ్యాయి. మూడోసారి హల్వార్డ్ హాలు దాటేసరికి గోరంత సంగతి కొండంతైంది. ఆ పెనం నూట యాభై ఏళ్లదన్నారు. బిషప్పు గారింటిదన్నారు. సంత గురించి రాయడానికొచ్చిన పత్రికమ్మాయి ఫోటో తీసుకుంది. బెర్గెన్ నగరం నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకడు, రెండు పలకలూ తనకిస్తే అద్దాల బీరువాలో పెట్టుకుంటానని ప్రకటించాడు.

అద్దాల బీరువా అన్న మాటకు ఇద్దరి ప్రాణాలూ ఒకేసారి ఉసూరుమన్నాయి. గుడ్రున్ కాగితం ముక్క మీద, నా పలక ఆవిడకే ఊరికే ఇచ్చేయండి, కాల్చుకు తింటే చాలు, అని రాసి పలకతో పాటు హల్వార్డ్‌కిచ్చింది. అటు సిగ్నే కూడా, నా పలక ఊరికే తీసుకోమనండి, కానీ బీరువాలో పెట్టొద్దు, వాఫిళ్లు కాల్చమనండి, అని రాసిచ్చింది. బల్ల చుట్టూ జనం తోసుకుంటుంటే హల్వార్డ్‌కు బుర్ర పనిచేయలేదు. వెనిగర్‌లోంచి తీసిన పలకను గుడ్రున్‌కు, గుడ్రున్ పలకను సిగ్నేకు అప్పగించేశాడు. తొమ్మిదేళ్ల తరువాత కూడా పెనం చెరి సగమే. మారిందల్లా ఎవరి సగం ఎవరి దగ్గరన్నదే.

పలకతో పాటు వచ్చిన కాగితం సిగ్నే విప్పింది. ఆ వంకర అక్షరాలు ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. లేచి ముప్పై అడుగులూ నడిచింది.

"నువ్వు అమ్మేసుకున్నావనుకున్నానక్కా."

"నేనెందుకు అమ్ముతానే? నువ్వు ఇవ్వవనుకున్నాను."

"అడిగితే కదా."

"తొమ్మిదేళ్లలో నువ్వు మాత్రం అడిగావా?"

"పెద్దదానివి నువ్వు."

గుడ్రున్ తన చేతిలోని పలకను చెల్లెలి పలక పక్కన పెట్టింది. "నువ్వు లేకుండా శనివారాలు గడవడం లేదే," అంది. పత్రికమ్మాయి కెమెరా దించేసింది.

హల్వార్డ్ రెండు పలకలనూ కీలు దగ్గర కలిపి, నూనె రాసి, తన గ్యాస్ పొయ్యి మీద పెట్టాడు. వెనిగర్ పాత నూనె పూతంతా తినేసింది కాబట్టి మొదటి పది వాఫిళ్లు అంటుకుంటాయని ముందే చెప్పాడు. అక్కాచెల్లెళ్లు వినలేదు. కాఫీ బల్ల దగ్గర కలిపి ఉంచిన పిండి తెచ్చి పోశారు. తిప్పారు. తెరిచారు. వాఫిల్ మధ్యకు రెండు పొరలుగా చీలి, సగం ఈ పలకకు, సగం ఆ పలకకు అతుక్కుపోయింది. బెర్గెన్ పెద్దమనిషి అయ్యో అన్నాడు. ఇద్దరూ ఫోర్కులు తీసుకుని ఎవరి వైపుది వాళ్లు గీరుకుని నిలబడే తిన్నారు.

తల్లి ఆస్తిలో వాళ్లు పేచీ లేకుండా పంచుకున్నది అదొక్కటే.