ఐంది, అయ్యింది, అయిపోయింది

ఆ ఉదయం పిన్ని తలపెట్టినది చిన్న పని. కుట్టు దుకాణం తెరిచి, పూర్తయిన మూడు చొక్కాల సంగతి రిజిస్టరులో రాసి, టీ తాగడం. రిజిస్టరంటే కాగితం కాదు, అక్క కూతురు తయారుచేసిన యాప్. ఎవరి ఆర్డరు ఎదురుగా "అయింది" అని రాస్తే వాళ్ళ ఫోను మోగి, "మీ బట్టలు సిద్ధం" అని చెప్పాలి. అలా రిజిస్టరును కనిపెట్టుకుని ఉండే ఏర్పాటుకు సబ్‌స్క్రిప్షన్ అని పేరు.

యాప్ పెట్టి వారమైనా ఒక్క ఫోనూ మోగలేదు.

"సాయంత్రంలోగా మోగకపోతే మళ్ళీ పాత కాగితం చీటీలేనే. నిన్ను అనట్లేదు, బీరువా నిండిపోతోంది," అంది పిన్ని.

నలుగురు వాడే యాప్ చేయడం అమ్మాయికి ఇదే మొదలు. అనుమతులు చూసింది, సెట్టింగులు చూసింది. తాను రాస్తే మోగుతోంది, పిన్ని రాస్తే మోగడం లేదు. చివరికి పిన్ని వెనక నిలబడి చూసింది. ఒక చొక్కాకు "ఐంది", ఇంకోదానికి "అయ్యింది", మూడోదానికి "అయిపోయింది".

"మూడు రకాలుగా రాశావేంటి పిన్నీ?"

"మూడూ అయినవేగా."

కాదనడానికి లేదు. చివర "ంది" ఉంటే చాలు, మోగించమని అమ్మాయి షరతు మార్చింది. తెలుగులో సగం వాక్యాలు అలాగే ముగుస్తాయని ఆ తొందరలో తోచలేదు.

మూడు ఫోన్లూ మోగాయి. ఇంతలో నల్లదారం నిండుకుంది. మిగిలిన నలభై ఆర్డర్లకూ పిన్ని ఒకేసారి రాసింది: "దారం లేక పని ఆగింది."

అరగంటలో పోస్ట్‌మాన్ వచ్చాడు. "నా ప్యాంటు సిద్ధమట కదా. ఇదేంటమ్మా, ఒక కాలే ఉంది?"

"ప్రస్తుతానికి ఆ కాలే సిద్ధం," అంది పిన్ని.

అతని వెనక నర్సు, ఆమె వెనక మరో పదిమంది. అమ్మాయి గాభరాపడి అందరి ఆర్డర్లకూ "పొరపాటు జరిగింది" అని రాసింది. నలభై ఫోన్లూ మళ్ళీ మోగాయి. ఇంకా బయలుదేరనివాళ్ళు కూడా బయలుదేరారు.

"ఎవరిదమ్మా ఈ పొరపాటు?" అన్నారు లెక్కల మాస్టారు.

"నా స్పెల్లింగుది," అంది పిన్ని, అమ్మాయి వైపు చూడకుండా. టేపు మెడలో వేసుకుంది. "ఎలాగూ వచ్చారుగా, వరసలో నిలబడండి. ట్రయల్ చూసేస్తాను."

కొలతలిచ్చాక పోస్ట్‌మాన్ నడుము రెండంగుళాలు పెరిగింది. నర్సు జాకెట్టు చేతులు బిగుతు. అలా పదకొండు తేడాలు పూర్తిగా కుట్టకముందే బయటపడ్డాయి.

జనం వెళ్ళాక అమ్మాయి తల దించుకుని అడిగింది. "చీటీలు తీయమంటావా పిన్నీ?"

"ఎందుకే? ఇన్నేళ్ళూ గొంతు పోయేలా పిలిచినా ట్రయల్‌కి ఒక్కరూ వచ్చేవారు కాదు. పదకొండు బట్టలు విప్పి కుట్టే బాధ తప్పించావు. నీ మేలు మర్చిపోనే తల్లీ."

"అందరి ముందూ నా తప్పు నీ మీద వేసుకున్నావు. అది నేను మర్చిపోను," అంది అమ్మాయి.

"సరేలే. రేపు కూడా ఈ తప్పు చేయగలవా?"

చేయడానికి నిమిషం పట్టిన ఆ తప్పును "ట్రయల్‌కు రండి" అనే మీటగా మార్చడానికి అమ్మాయికి నాలుగు రోజులు పట్టింది.